బడి పరీక్షల పుట్టుపూర్వోత్తరాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఊరంతటికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే టైము, ఒకే కీతో పెట్టే పరీక్షలు బడుల్లోకి ఎక్కణ్నుంచి వచ్చాయి? అవి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు? ఈ విషయం మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఇవి జవాబులు.

మా పాప సర్కారు బడిలో మూడో తరగతి చదువుతున్నప్పుడు, 2024 డిసెంబర్‌లో, బయటివాళ్లు వచ్చి ఒక పరీక్ష పెట్టి వెళ్లారు. ఎన్ని మార్కులొచ్చాయని అడిగితే "ఆ పరీక్షకు మార్కులు చెప్పరమ్మా" అంటున్నారు టీచర్. రాసిన పరీక్షకు మార్కులు లేకపోవడమేంటి? దాస్తున్నారా?
– ఒక తల్లి, మలక్‌పేట

దాచడం లేదమ్మా, టీచర్ చెప్పింది నిజమే. అది 'పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్'. 2024 డిసెంబర్ 4న దేశమంతటా 3, 6, 9 తరగతులకు పెట్టారు. 781 జిల్లాల్లో 74 వేల పైచిలుకు బడుల నుంచి 21 లక్షల మందికి పైగా పిల్లలు రాశారు. అంతకుముందు 2017లో, 2021లో ఇదే పని 'న్యాస్' (జాతీయ సాధన సర్వే) పేరుతో జరిగింది.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక మెతుకు పట్టుకుంటాం. మనకు కావలసింది కుండ సంగతి, ఆ మెతుకు సంగతి కాదు. ఈ సర్వేలూ అంతే. కొన్ని బడులను, వాటిలో కొందరు పిల్లలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని జిల్లా ఎలా ఉంది, రాష్ట్రం ఎలా ఉంది అని లెక్క కడతారు. చాలా సర్వేల్లో ఇంకో పని కూడా చేస్తారు. సిలబస్ మొత్తం మీద వందకు పైగా ప్రశ్నలు తయారుచేసి, వాటిని ముక్కలు చేసి వేర్వేరు బుక్‌లెట్లలో పెడతారు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలకు వేర్వేరు ప్రశ్నలు పడతాయి. అందరి జవాబులూ కలిపితే సిలబస్ అంతా కొలిచినట్టవుతుంది కానీ, ఒక్క పిల్ల జవాబులు విడిగా చూస్తే అది సిలబస్‌లో చిన్న ముక్క మాత్రమే. దానికి మార్కు వేసి ఇంటికి పంపితే తప్పుదారి పట్టించినట్టే. అమెరికాలో 1969లో మొదలైన 'నేప్' అనే జాతీయ పరీక్ష ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. అది ఈ రోజుకీ ఏ పిల్లకూ మార్కు ఇవ్వదు. తమను ఒకరితో ఒకరిని పోలుస్తారని అక్కడి రాష్ట్రాలు భయపడటంతో, రాష్ట్రాలవారీ ఫలితాలు కూడా 1990 దాకా ఇవ్వలేదు.

మీ పాప సంగతి తెలియాలంటే ఇంట్లోనే పావుగంట చాలు. తను ఎప్పుడూ చూడని రెండో తరగతి స్థాయి కథ ఒకటి, ఏడెనిమిది వాక్యాలది, పైకి చదివించండి. కూడబలుక్కోకుండా చదివి, "ఎందుకలా జరిగింది" అని అడిగితే చెప్పగలగాలి. తర్వాత 52లో నుంచి 27 తీసేయమనండి. అప్పు తెచ్చుకునే తీసివేత ఇస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. 57లో నుంచి 22 తీసేయడం వచ్చినంత మాత్రాన తీసివేత వచ్చినట్టు కాదు.

బీఎడ్ చదువుతున్నాను. స్టాండర్డైజ్డ్ ఎచీవ్‌మెంట్ టెస్ట్ ఎక్కడ పుట్టిందంటే ఒక గైడ్‌లో చైనా అని, ఇంకో గైడ్‌లో బినే అని ఉంది. ఏది రాయాలి?
– తార్నాక

రెండూ రాయకండి. చైనాలో 605 ప్రాంతంలో మొదలై 1905 దాకా సాగినవి కొలువుకు మనుషులను ఎంచుకునే పరీక్షలు. ఫ్రాన్స్ మనస్తత్వవేత్త బినే 1905లో తన సహచరుడు సిమోన్‌తో కలిసి తయారుచేసింది తెలివితేటల స్కేలు, బడిలో ఏం నేర్చుకున్నారో కొలిచేది కాదు. ఈ రెండింటినీ సాధన పరీక్షతో, అంటే ఎచీవ్‌మెంట్ టెస్ట్‌తో, కలిపేయడం గైడ్లలో పాత అలవాటు.

బడి పరీక్ష మలుపు తిరిగింది 1845లో, బోస్టన్‌లో. అమెరికాలో పబ్లిక్ స్కూల్ అంటే ప్రభుత్వ బడి, మన దగ్గర ఆ పేరు పెట్టుకునే ఖరీదైన బడి కాదు. అప్పటిదాకా అక్కడ కమిటీ పెద్దలు బడికి వచ్చి, పిల్లలను నిలబెట్టి నోటితో ప్రశ్నలడిగేవారు. గంటలో వందమందిని అడగాలంటే ఒక్కొక్కరికి అర నిమిషం దక్కేది. ఒకరికి తేలిక ప్రశ్న, ఒకరికి కష్టమైంది. మసాచుసెట్స్ విద్యా బోర్డు కార్యదర్శి హొరేస్ మాన్ ప్రోద్బలంతో, ఆయన మిత్రుడు శామ్యూల్ గ్రిడ్లీ హౌ ఉన్న కమిటీ అచ్చువేసిన ప్రశ్నలతో రాత పరీక్ష పెట్టింది. అందరికీ ఒకే ప్రశ్న పడుతుంది, టీచర్ మధ్యలో అందించడానికి వీలుండదు, జవాబు కాగితం మీద నిలిచి ఉంటుంది: మాన్ ఎత్తిచూపిన లాభాలు ఇవి. ఒక బడి నుంచి ఇంకో బడికి ప్రశ్నలు పాకకముందే పరీక్ష ముగించాలని వాళ్లు ఊరంతా పరుగులు పెట్టారు. పేపర్ లీక్ భయం రాత పరీక్షతోపాటే పుట్టిందన్నమాట.

రెండో అడుగు జోసెఫ్ మేయర్ రైస్‌ది. వైద్యం చదివి విద్య వైపు వచ్చిన ఈయన 1890లలో ఊరూరూ తిరిగి వేలమంది పిల్లలకు ఒకే స్పెల్లింగ్ పరీక్ష పెట్టాడు. రోజూ పావుగంటతో సరిపెట్టిన బడికీ, అంతకు రెండు మూడు రెట్ల సేపు రుద్దించిన బడికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1897లో అచ్చయిన ఆ లెక్కను అప్పటి బడి పెద్దలు ఒప్పుకోలేదు. కానీ బడులను పోల్చడానికి ఒకే పరీక్ష వాడొచ్చని తేలిపోయింది.

మూడోది, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది, స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు 1912, 1913లో చేసిన పని. ఒకే జవాబుపత్రాన్ని నకళ్లు తీయించి నూరుమందికి పైగా టీచర్లతో విడివిడిగా దిద్దించారు. ఇంగ్లిష్ వ్యాసంలో మార్కులు ఎటుపడితే అటు పోతే ఆశ్చర్యపడనక్కర్లేదు. జామెట్రీ పేపర్‌కు కూడా ఒకరు 28 వేస్తే ఇంకొకరు 92 వేశారు. దిద్దేవారి చేతిని బట్టి పిల్లవాడి తలరాత మారుతోందని అంకెల్లో కనిపించాక, "దిద్దేవారెవరైనా అదే మార్కు రావాలి" అన్న పట్టుదల మొదలైంది. 1915లో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ తెచ్చిన మౌన పఠన పరీక్షలోని బహుళైచ్ఛిక ప్రశ్నలు ఆ అవసరానికి సరిగ్గా అమరాయి. మన బిట్ పేపర్‌కు ముత్తాత అదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా సిపాయిలకు ఆల్ఫా, బీటా అనే తెలివితేటల పరీక్షలు పెట్టింది. ఒకేసారి గుంపుగా పెట్టి, గుమాస్తాలతో దిద్దించవచ్చని దానితో తెలిసింది. ఆ అనుభవంతోనే 1920ల మొదట్లో టెర్మన్, ట్రూమన్ కెల్లీ, రూచ్ కలిసి స్టాన్‌ఫర్డ్ ఎచీవ్‌మెంట్ టెస్ట్ తెచ్చారు. ఇది బడి సబ్జెక్టులన్నిటికీ కలిపి వచ్చిన సాధన పరీక్ష. ఈ చరిత్రలో మచ్చ కూడా ఉంది, జవాబులో అదీ రాయండి. సైన్యం అంకెలు చూపించి, ఫలానా దేశాలవాళ్లకు పుట్టుకతోనే తెలివి తక్కువని 1923లో పుస్తకం రాసిన కార్ల్ బ్రిగమ్, 1930లో తన నిర్ధారణలు నిలవవని తానే ఒప్పుకున్నాడు. పరాయి భాషలో, పరాయి అలవాట్ల మీద అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే అది తెలివి లోపమని చదవడం అక్కడ జరిగిన తప్పు.

ఓఎంఆర్ షీటులో కొన్ని పరీక్షలకు పెన్సిల్ అంటారు, కొన్నిటికి బ్లాక్ పెన్ అంటారు. తేడా ఏమిటి?
– దిల్‌సుఖ్‌నగర్

పెన్సిల్ నియమం పాత యంత్రం నుంచి వచ్చింది. 1930లలో రెనాల్డ్ జాన్సన్ అనే బడి టీచర్ కనిపెట్టిన పద్ధతిని ఐబీఎం కొని, 805 అనే యంత్రంగా తయారుచేసింది. పెన్సిల్ ముక్కులోని గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. ఆ కరెంటును కొలిచి యంత్రం మార్కులు చెప్పేది. సిరాలో కరెంటు పారదు కాబట్టి పెన్ పనికొచ్చేది కాదు. 1955లో అయోవాలో లిండ్‌క్విస్ట్ బృందం తెచ్చిన యంత్రం వెలుతురుతో నలుపును చదివింది. ఇప్పటివీ అదే దారి. అందుకే పెన్ చాలు, పైగా పెన్నుతో దిద్దింది తర్వాత ఎవరూ చెరపలేరు. వృత్తం సగం నింపినా, టిక్కు పెట్టినా యంత్రం దాన్ని ఖాళీగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. షీటు అంచున ఉండే నల్లటి గీతలను బట్టే యంత్రం ఏ ప్రశ్న ఎక్కడుందో పోల్చుకుంటుంది, అక్కడ మరక పడనివ్వకండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, ఒక ప్రశ్న వదిలేసి వృత్తం మాత్రం వదలకపోవడం. అక్కణ్నుంచి అన్నీ ఒక మెట్టు జారిపోతాయి. ప్రతి పది ప్రశ్నలకోసారి అంకె సరిచూసుకోండి.

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. నేను తయారుచేసే బిట్ పేపర్ మంచిదో కాదో తెలుసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ లేకుండా ఏదైనా మార్గం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, ఉప్పల్

తెల్లకాగితం, పెన్ను, గంటన్నర టైము ఉంటే చాలు సార్.

దిద్దిన పేపర్లను మొత్తం మార్కుల వరుసలో పేర్చండి. 40 మంది ఉన్నారనుకుందాం. పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకోవాలి. 40కి 10.8, అంటే 11 పేపర్లు పైవి, 11 కిందివి. మధ్యలోవి పక్కన పెట్టేయండి. 27 అనే అంకె గాలిలోంచి రాలేదు. రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా ఉండాలి, గుంపులో మనుషులూ సరిపడా ఉండాలి. ఈ రెంటికీ రాజీ కుదిరేది అక్కడేనని ట్రూమన్ కెల్లీ 1939లో లెక్కగట్టి చూపాడు.

ఇక ఒక్కో ప్రశ్నకు అ, ఆ, ఇ, ఈ ఆప్షన్లను పై గుంపులో ఎంతమంది పెట్టారో, కింది గుంపులో ఎంతమంది పెట్టారో గీతలు గీసి లెక్కపెట్టండి. సరైన జవాబు పై గుంపులో 10 మంది, కింది గుంపులో 4 మంది పెట్టారనుకుందాం. 14ను 22తో భాగిస్తే 0.64, అంటే ప్రశ్న మరీ కష్టం కాదు, మరీ తేలిక కాదు. 10లోంచి 4 తీసేసి 11తో భాగిస్తే 0.55. వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఈ ప్రశ్న ఎంత బాగా విడదీస్తోందో చెప్పే అంకె ఇది. 0.4 దాటితే ప్రశ్న దాచుకోండి. 0.2 కన్నా తక్కువైతే తిరగరాయాలి. సున్నా కన్నా కిందికి పోతే, అంటే బాగా చదివేవాళ్లే తప్పు చేస్తుంటే, ముందు కీ చూడండి. చాలాసార్లు కీ తప్పుంటుంది, లేదా రెండు సరైన జవాబులుంటాయి. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు నాలుగో వంతు మంది (0.25) మాత్రమే సరిగ్గా పెట్టారంటే, గుడ్డిగా పెట్టినా అంతే వచ్చేదని గుర్తు.

తప్పు ఆప్షన్లనూ వదలొద్దు. 22 మందిలో ఒక్కరూ ముట్టుకోని ఆప్షన్ ఉంటే అది ఉండీ లేనట్టే, ప్రశ్న మూడు ఆప్షన్లదైపోయింది. కింది గుంపులో ఏడెనిమిది మంది ఒకే తప్పు దగ్గరికి పోతే మాత్రం దాన్ని తీసేయకండి. రేపటి పాఠం అక్కణ్నుంచే మొదలుపెట్టాలి. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయన్న ఆప్షన్‌ను చాలామంది పట్టుకుంటే, కిరణజన్య సంయోగక్రియకూ శ్వాసక్రియకూ తేడా వాళ్లకు అందలేదన్నమాట.

ఒక హెచ్చరిక. 11 మంది గుంపులో ఒక్క పిల్లవాడు జవాబు మార్చినా అంకె 0.09 కదులుతుంది. అందుకే ఒక్క సెక్షన్ చూసి ప్రశ్నను చెత్తబుట్టలో వేయొద్దు. పక్క సెక్షన్ పేపర్లూ కలపండి, లేదా వచ్చే ఏడు మళ్లీ అడిగి చూడండి.

తెలుగులో రాసే బిట్లలో మూడు జబ్బులు తరచూ కనిపిస్తాయి. మొదటిది, ప్రశ్నే జవాబు చెప్పేయడం. "మొక్క వదిలే వాయువు" అని అడిగి ఆప్షన్లలో గ్లూకోజ్ పెడితే, పాఠం రానివాడు కూడా దాన్ని కొట్టేస్తాడు. రెండోది, "కానిది", "లేనిది" అన్న మాట వాక్యం చివర ఎక్కడో దాక్కోవడం. దాన్ని లావు అక్షరాల్లో వేయాలి, వీలైతే అలా అడగకుండా ఉండాలి. మూడోది అనువాదం. ఇంగ్లిష్ మీడియం పేపర్‌ను తెలుగులోకి మార్చేటప్పుడు పుస్తకంలో ఆక్సిజన్ అని ఉంటే ప్రశ్నలో ఆమ్లజని అని రాస్తారు. అప్పుడు కొలిచేది జీవశాస్త్రాన్ని కాదు, పాత పదాల పరిచయాన్ని. రెండు మీడియాల్లో ఒకే ప్రశ్నకు వచ్చిన అంకెలు దూరదూరంగా ఉంటే మొదటి అనుమానం అనువాదం మీదే పెట్టుకోండి.

ఒక సంస్థ మా బాబు బడిలో పరీక్ష పెట్టి "92 పర్సంటైల్" అని రిపోర్టు ఇచ్చింది. 92 మార్కులనే కదా? పోయినసారి 72 వచ్చిన లెక్కల్లో ఈసారి 69 అని కూడా ఉంది. ట్యూషన్ పెట్టించాలా?
– కూకట్‌పల్లి

కాదండీ. 92 పర్సంటైల్ అంటే ఆ పరీక్షను ఎవరితో పోల్చారో ఆ గుంపులో నూటికి 92 మంది కన్నా మీవాడు ముందున్నాడని. పేపర్ కష్టమైతే వందకు 55 తెచ్చుకున్నా ఆ స్థానం రావచ్చు. ఆ గుంపు ఎవరో అడగండి. డబ్బు కట్టి పరీక్ష రాసిన ప్రైవేటు బడుల పిల్లలేనా, లేక అన్నిరకాల బడుల పిల్లలా? గుంపు మారితే పర్సంటైల్ మారిపోతుంది.

ఇక 72, 69 సంగతి. ఏ పరీక్షకైనా కొంత ఊగిసలాట ఉంటుంది. మార్కుల విస్తరణ, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 10 ఉండి, పరీక్ష నిలకడ (రిలయబిలిటీ), అంటే మళ్లీ పెట్టినా దాదాపు అవే మార్కులు వచ్చే గుణం, 0.91 అనుకుందాం. ఇది మంచి పరీక్షకు ఉండే అంకె. 1లోంచి 0.91 తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, దాన్ని 10తో గుణిస్తే 3. ఒక్కో మార్కూ అటూఇటూ మూడు కదలడం మామూలేనని అర్థం. రెండు పరీక్షల మధ్య తేడాకైతే ఆ ఊగిసలాట నాలుగు దాటుతుంది. మూడు మార్కుల కోసం ట్యూషన్ అక్కర్లేదు. వరసగా మూడు పరీక్షల్లో తగ్గుతూ పోతే అప్పుడు ఏ అధ్యాయంలో తప్పులు వస్తున్నాయో చూడండి.

ఏటా పదో తరగతి పాస్ శాతం పెరిగిందనో తగ్గిందనో వార్తల్లో వస్తుంది. దాన్నిబట్టి చదువులు బాగుపడ్డాయని అనుకోవచ్చా?
– వారాసిగూడ

అనుకోకూడదు. ఆ ఏడాదిలో రాసిన పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడానికి పదో తరగతి పరీక్ష బాగానే పనికొస్తుంది: అందరికీ ఒకే పేపర్, ఒకే రోజు, స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే మార్కుల పద్ధతి. ఏడాదికీ ఏడాదికీ పోల్చడానికి మాత్రం దాన్ని తయారుచేయలేదు. కోవిడ్‌తో 2020లో పరీక్షలు మధ్యలో ఆగిపోయి, తెలంగాణలో అంతర్గత మార్కులతో అందరినీ పాస్ చేశారు. 2021లోనూ పరీక్ష లేకుండానే పాస్. ఆ తర్వాత పదకొండు పేపర్లు ఆరయ్యాయి. వీటిని ఒకే గ్రాఫ్ మీద గీస్తే వచ్చే గీతకు అర్థం లేదు.

ఏళ్లను పోల్చాలంటే కొన్ని ప్రశ్నలు రెండు ఏళ్లలోనూ అవే ఉండాలి. అరవై ప్రశ్నల పరీక్షలో ఒక పదిహేను పాతవి, ఎవరికీ బయటపెట్టనివి, కలుపుతారు. ఆ పదిహేనింటిలో పిల్లలు ఎలా చేశారో చూసి, ఈసారి పేపర్ తేలికైందా, పిల్లలే మెరుగయ్యారా అని విడదీస్తారు. పదో తరగతి పేపర్ పరీక్ష అయిన గంటకే అందరి చేతుల్లో ఉంటుంది, నెలకు గైడ్లలో ఉంటుంది. దాచిన ప్రశ్న అక్కడ సాధ్యం కాదు. ఈఏపీసెట్‌లో చేసే నార్మలైజేషన్ కూడా ఆ ఏడాది సెషన్ల మధ్య తేడాను సరిచేసేదే, అంతకుమించి కాదు.

ఏసర్ నివేదికలో మా హైదరాబాద్ జిల్లా ఎందుకు కనిపించదు?
– మెహదీపట్నం

ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న ఏసర్ గ్రామీణ సర్వే. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు ఎంచుకుని, బడికి కాకుండా ఇంటికే వెళ్లి పిల్లలతో చదివిస్తారు. హైదరాబాద్ జిల్లా మొత్తం పట్టణమే కాబట్టి అందులోకి రాదు.

హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. పిల్లల మార్కులను బట్టి టీచర్ల జీతం, బడి గ్రాంటు పెట్టాలని ఈమధ్య గట్టిగా వాదిస్తున్నారు. ఇది ఎక్కడైనా చేసి చూశారా?
– రామంతాపూర్

చేసి చూశారు సార్, ఒకసారి కాదు. ఇంగ్లండ్‌లో 1862లో రాబర్ట్ లోవ్ అనే రాజకీయ నాయకుడు తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రాథమిక బడికి గ్రాంటులో పెద్దభాగం పరీక్షను బట్టే వచ్చేది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ వచ్చి ప్రతి పిల్లవాడినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షించేవాడు. పాసైతే ఒక్కో సబ్జెక్టుకు రెండు షిల్లింగుల ఎనిమిది పెన్సులు, తప్పితే ఆ డబ్బు కోత. ఏమైందో ఊహించగలరు. చరిత్ర, భూగోళం వెనక్కి పోయాయి. పిల్లలతో వాచకాన్ని మొదటి నుంచి చివరిదాకా బట్టీ పట్టించారు. ఇన్‌స్పెక్టర్ ఏ పేజీ తెరిచినా గడగడా చెప్పేవారు, చదవడం మాత్రం వచ్చేది కాదు. అది పూర్తిగా పోవడానికి 1890ల చివరిదాకా పట్టింది. మన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాలను బట్టి గ్రాంటు నడిచింది. ప్రాథమిక బడుల సాయం చాలావరకు పరీక్ష ఫలితాల మీదే ఆధారపడాలని 1882 హంటర్ కమిషన్ సిఫార్సు కూడా చేసింది. కర్జన్ కాలంలో గానీ ప్రభుత్వం దాన్ని వదులుకోలేదు.

అమెరికాలో 2002 జనవరిలో సంతకమైన 'ఏ పిల్లా వెనకబడకూడదు' చట్టం 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా చదవడం, లెక్కల్లో పరీక్ష తప్పనిసరి చేసింది. 2014కల్లా నూటికి నూరుమందీ ప్రావీణ్యం సాధించాలంది. ప్రావీణ్యం అంటే ఏమిటో తేల్చుకునే పని రాష్ట్రాలకే వదిలింది. గీత కిందికి దించితే పాస్ శాతం పైకి పోతుంది కదా. రాష్ట్ర పరీక్షలో ఎక్కువమంది ప్రావీణ్యులుగా కనిపించి, నేప్‌లో అదే పిల్లల్లో తక్కువమందే కనిపించడం చాలాచోట్ల జరిగింది. 2015 డిసెంబర్‌లో కొత్త చట్టం వచ్చింది. ఏటా పరీక్షలు మిగిలాయి, నూరు శాతం గడువు పోయింది.

అదే దేశంలోని అట్లాంటా నగరంలో వ్యవహారం ఇంకా దూరం వెళ్లింది. 2009 పరీక్షల జవాబుపత్రాల మీద జార్జియా రాష్ట్రం వేయించిన విచారణ, 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు జవాబులు మార్చడంలో చేయి కలిపారని 2011లో తేల్చింది. 2015లో పదకొండు మందిపై నేరం రుజువైంది. వాళ్లను పట్టిచ్చింది జవాబుపత్రాల మీద రబ్బరుతో చెరిపిన గుర్తులు. పిల్లలు తామే దిద్దుకుంటే ఒప్పు నుంచి తప్పుకు, తప్పు నుంచి తప్పుకు మార్పులు కూడా కొన్ని ఉంటాయి. ఒక తరగతి మొత్తంలో చెరిపినవన్నీ తప్పు నుంచి ఒప్పుకే మారితే అది పిల్లల చేతి పని కాదు. స్కానర్ చెరిపిన గుర్తుల మసకను కూడా చదవగలదు.

ఒక అంకె మీద ఎంత బరువు పెడితే ఆ అంకెను వంచాలన్న ఒత్తిడి అంత పెరుగుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త డొనాల్డ్ క్యాంబెల్ 1976లో రాశాడు. ఈ మూడు చోట్లా జరిగింది అదే. అందువల్ల బడికి సాయం ఎక్కడ కావాలో చూడ్డానికి పరఖ్ లాంటి నమూనా సర్వే వాడాలి. దాని ఫలితం ఏ టీచర్ సర్వీస్ రిజిస్టర్‌లోకీ పోకూడదు. టీచర్ పనిని చూడాలంటే పెద్దసారో, కాంప్లెక్స్ హెడ్‌మాస్టరో తరగతిలో కూర్చుని వినాలి. ఏడాదిలో నాలుగైదు సార్లు, చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి, పిల్లల నోటుబుక్కులు తీసి చూడాలి. తక్కువ మార్కులొచ్చిన బడికి గ్రాంటు కోస్తే, ఎక్కువ టీచర్లు కావలసిన చోటే తక్కువ డబ్బు మిగులుతుంది. ఇంగ్లండ్‌లో పేద వాడల బడులు దెబ్బతిన్నది ఈ లెక్కతోనే.